ముసలమ్మ వేషాలు : సురేఖా సిక్రీ

2021 జులై 17 పొద్దున పేపరు చదువుతూ అమ్మ నన్ను కేకేసింది. "ఇదుగో, మన ముసల్ది పోయిందిట" అంది. ఆ మాటలో వెటకారం లేదు. మేనత్తో పెద్దమ్మో పోతే చెప్పినట్టే చెప్పింది. వంటింట్లోంచి వచ్చి చూస్తే లోపలి పేజీలో సురేఖా సిక్రీ ఫోటో. ముందురోజు ముంబాయిలో గుండె ఆగి చనిపోయింది. అమ్మ వార్తని రెండోసారి చదివి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, "డెబ్భై ఆరేళ్లా? అంటే నా ఈడుదేనటే!" అంది.

అమ్మ కూడా 1945లోనే పుట్టింది. ఏళ్ల తరబడి రాత్రిపూట 'చిన్నారి పెళ్లికూతురు' చూస్తూ ఆ తెరమీది మనిషిని తన అత్తగారి వయసుదనుకుంది. తన ఈడు ఆడమనిషిని తనకి అత్తగారిగా చూపించారని ఆ రోజు పేపరు చూసేదాకా ఆవిడకి తెలీదు. నిజం చెప్పాలంటే నేనూ ఆలోచించలేదు. సినిమాల మీద అంతో ఇంతో రాసేదాన్ని, హీరోయిన్ల పాత్రలు ఎంత అన్యాయంగా ఉంటున్నాయో లెక్కలు కట్టేదాన్ని. హీరోయిన్ వెనక నిలబడి దీవించే, తిట్టే, ఏడ్చే ఆడవాళ్ల గురించి ఒక్క పేరా రాసి ఎరగను. వాళ్లని మనం 'క్యారెక్టర్ ఆర్టిస్టులు' అంటాం. పోస్టరు మీద మొహం ఉండదు. పాత్ర పేరు గుర్తుంటుంది గానీ మనిషి పేరు గుర్తుండదు. మా ఇంట్లో అయితే పాత్ర పేరు కూడా పోయి 'ముసల్ది' ఒక్కటే మిగిలింది.

2008 జులైలో హిందీలో 'బాలికా వధు' మొదలైంది. రాజస్థాన్‌లో జైత్‌సర్ అనే ఊళ్లో ఒక జమీందారీ ఇల్లు, ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ఎనిమిదేళ్ల ఆనంది, ఆ ఇంటి పెత్తనం చేసే కల్యాణీదేవి. హిందీవాళ్లందరికీ ఆమె 'దాదీసా'. దాన్నే మా టీవీ తెలుగులోకి డబ్ చేసింది. అది మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఆనందిగా వేసిన అవికా గోర్ 2013లో 'ఉయ్యాల జంపాల'తో తెలుగు హీరోయిన్ అయినప్పుడు జనం ఆ పిల్లని మేనకోడల్ని చూసినట్టు చూశారు. డబ్బింగ్ సీరియళ్లు మా పొట్ట కొడుతున్నాయని తెలుగు టీవీ కళాకారులు రోడ్డెక్కిందీ ఇలాంటివాటి వల్లే. వాళ్ల బాధలో న్యాయముంది. దాదీసాకి తెలుగులో గొంతునిచ్చిన ఆడమనిషి ఎవరని మాలో ఒక్కరమూ ఏనాడూ అడగలేదు. ఒక ముసలమ్మ వెనక ఇంకో ఆడమనిషి. ఇద్దర్నీ కలిపి 'ముసల్ది' అనేశాం.

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం రాద్దామని రెండుసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

నాయనమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందనీ, ఆ తర్వాత పధ్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే నేరమనీ తెలిసి, ఆ ముందు నెలల్లో దేశమంతటా పసిపిల్లల మెడల్లో హడావుడిగా తాళ్లు కట్టించారు. అలా ఆ మాఘమాసంలో కట్టించుకున్న తొమ్మిదేళ్ల పిల్ల మా నాయనమ్మ. తనని కాపాడాల్సిన చట్టం వస్తోందన్న భయంతోనే తన పెళ్లి జరిగింది. ఆవిడ ఇది నవ్వుతూ చెప్పేది. ముప్ఫై మూడేళ్లకి ముగ్గురు కొడుకులతో ముండమోసింది. ఆ మాట వాడటం నాకిష్టం లేదు. కానీ ఆవిడ తన గురించి వేరే మాట వాడలేదు. కొట్టుగది తాళంచెవి 1992లో పోయేదాకా ఆవిడ నడుముకే ఉంది. బియ్యం సోలతో కొలిచి ఇచ్చేది. కాఫీపొడి చెంచాతో. మా అమ్మ ముప్ఫై ఏళ్లు ఆ చెంచా ముందు చెయ్యి చాపి నిలబడింది. రెండోసారీ ఆడపిల్లే, అంటే నేనే పుట్టానని తెలిసి నాయనమ్మ ఇరవై ఒక్క రోజులు ఆ గదిలోకి తొంగి చూడలేదు. ఇదంతా నాకు తెలుసు. ఎప్పుడు తెలిసిందంటే, 'చిన్నారి పెళ్లికూతురు'లో అడ్వర్టైజ్‌మెంట్లు వచ్చే టైములో.

అవును. నలభై ఏళ్లు అత్తగారి గురించి ఒక్కమాట అనని మా అమ్మ, దాదీసా తన కోడలు సుమిత్రని దులిపేస్తున్న ఒక రాత్రి, "అచ్చం మీ నాయనమ్మే" అంది. సబ్బుల ప్రకటనా టీపొడి ప్రకటనా అయ్యేలోపు ఒక కథ చెప్పి, సీరియల్ మళ్లీ మొదలవగానే ఊరుకుంది. మర్నాడు ఇంకోటి. అలా రెండేళ్లు. స్త్రీవాద సభల్లో 'అనుభవాలు పంచుకోవడం' గురించి నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా అమ్మ చేత నోరు విప్పించలేకపోయాయి. ఆ పని ఒక డబ్బింగ్ సీరియల్లో ముసలమ్మ చేసింది. ఎలా చేసిందన్నదే నా ప్రశ్న. తెలుగు తెరమీద గయ్యాళి అత్తలకి కొదవా? మనకి సూర్యకాంతం ఉంది. 'గుండమ్మ కథ' వచ్చిన 1962 నుంచి ఇప్పటిదాకా ఆవిడని చూసి మా అమ్మ నవ్వని రోజు లేదు. కానీ నవ్వింది. "అచ్చం మీ నాయనమ్మే" అని సూర్యకాంతాన్ని చూసి ఎప్పుడూ అనలేదు.

సూర్యకాంతాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ ఎడంచెయ్యి విసురు, ఆ మాట విరుపు మళ్లీ ఎవరికీ రాలేదు. కానీ ఆ సినిమాలు అత్తగారి దుర్మార్గాన్ని ఆమె బుద్ధిలోపంగా చూపించి, చివర్లో బుద్ధి వచ్చేట్టు చేసి, మనల్ని తేలిగ్గా ఇంటికి పంపేవి. గయ్యాళితనం ఒక్క మనిషిది. ఇల్లు మాత్రం మంచిదే. సురేఖా సిక్రీ దాదీసాని చూస్తే నవ్వు రాదు. ఆమె అరవబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో కళ్లు ఎదుటిమనిషి మీద ఉండవు, చుట్టూ తిరుగుతాయి. ఇంకెవరెవరు వింటున్నారో, తన మాట చెల్లుతోందో లేదో చూసుకుంటున్నట్టు. ఆ తర్వాతే గొంతు లేస్తుంది. అధికారం ఉన్నవాడు అలా చూడడు. పెత్తనం అరువు తెచ్చుకున్నవాళ్లే అలా చూస్తారు. ఆ చూపు చూసే అమ్మ ఒకసారి అంది: "ఆ తాళంచెవి కాస్త వదులు చేస్తే బావగార్లూ మరుదులూ పొలం కాజేస్తారని మీ నాయనమ్మకి భయమే. నామీద కాదు కోపం." నేను తెల్లబోయాను. పితృస్వామ్యం తన పని ఆడవాళ్ల చేత చేయించుకుంటుందని నేను ఎన్ని వ్యాసాల్లో రాశానో! అమ్మకి ఆ వ్యాసాలేవీ అక్కర్లేకపోయాయి.

కల్యాణీదేవి కూడా బాల్యవివాహమైన పిల్లే. చిన్నతనంలోనే భర్త పోయినదే. కథ కొంత నడిచాక గానీ ఈ సంగతి మనకి వివరంగా తెలియదు. కానీ మొదటి వారంనుంచీ సురేఖ మొహంలో అది ఉంది. రచయితలు వెనక్కి వెళ్లి ఆ గతాన్ని రాసేలోపే నటి దాన్ని ముఖం మీద మోస్తోంది. నేను 'నటన' అనేది దీన్నే. దాదీసా పడుచుదనాన్ని చూపించాల్సి వచ్చినప్పుడు ఆ వేషం హీబా షా వేసింది. సురేఖ సవతి అక్క, నసీరుద్దీన్ షా మొదటి భార్య అయిన మనారా కూతురు హీబా. వరసకి పిన్నమ్మ ముసలితనానికి కూతురి పడుచుదనం.

ఇంత చేశాక ఆమెకి వచ్చిన టెలివిజన్ అవార్డుల్లో ఒకటి 'నెగటివ్ పాత్ర' విభాగంలో! పసిపిల్లకి పెళ్లి చేసిన మగపెద్దలెవరికీ ఆ విభాగంలో పోటీ లేదు. భార్య పోయిన నడివయసు బసంత్‌కి పేదింటి చిన్నపిల్ల గెహనాని కట్టబెట్టిన కథ చూసి మనవాళ్లకి 'కన్యాశుల్కం' గుర్తు రాకుండా ఉండదు. 1892లో తొలిసారి ఆడిన నాటకంలో మనం లుబ్ధావధాన్లనీ అగ్నిహోత్రావధాన్లనీ చూసి నవ్వుకున్నాం. అక్కడ పిల్లల్ని అమ్మేదీ కొనేదీ మగవాళ్లు. నూటపదహారేళ్ల తర్వాత టీవీలో ఆ పనంతా ఒక ముసలిదాని నెత్తిన పెట్టి, బసంత్‌ని బాధపడే కొడుకుగా, భైరోన్‌ని తల్లి మాట కాదనలేని మంచివాడుగా మిగిల్చారు. సీరియల్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఆ తప్పుని నటి వీలైనంత దిద్దింది, అంతే. రచనని నటి పూర్తిగా దిద్దలేదు.

ఈమె ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడు వెతికాను. బాల్యం అల్మోడా, నైనీతాల్ కొండల్లో. తండ్రి వైమానిక దళంలో, తల్లి టీచరు. చదువు అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో. రచయిత్రి కావాలనుకుందట. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా దరఖాస్తు ఫారం తెచ్చుకున్నది చెల్లెలు. అది ఇంట్లో అలా పడి ఉంటే, నువ్వెందుకు నింపకూడదని తల్లి అంటే సురేఖ నింపింది. ఈ సంగతి ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. ఇబ్రహీం అల్కాజీ ఆ స్కూలుని నడిపిన కాలమది. 1971లో చదువు ముగించి, పదేళ్లకి పైగా ఆ సంస్థ రెపర్టరీలో నాటకాలాడింది. తర్వాతే ముంబాయి. మొదటి సినిమా 'కిస్సా కుర్సీ కా'. ఎమర్జెన్సీలో దాని నెగటివ్‌లు కాల్చేస్తే మళ్లీ తీసి 1978లో విడుదల చేశారు. అంటే సినిమాలోకి వచ్చేసరికే ఆమెకి ముప్ఫై దాటాయి. మన దేశంలో ముప్ఫై దాటిన నటికి సినిమా ఏం ఇస్తుందో మనకి తెలుసు. అక్క, వదిన, అమ్మ. ఆమెకి అవి కూడా ఎక్కువకాలం ఇవ్వలేదు. నేరుగా ముసలమ్మని చేశారు.

ఇక్కడ నా అజ్ఞానం ఒకటి ఒప్పుకోవాలి. 1988 జనవరిలో దూరదర్శన్‌లో 'తమస్' వచ్చింది. అప్పుడు నేను గుంటూర్లో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్లో టీవీ చుట్టూ అరవైమందిమి. గోవింద్ నిహలానీ తీసిన ఆ దేశవిభజన కథని ఆపాలని కోర్టులకెక్కారు, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అందులో ఒక ఘట్టం నా మనసులో ఉండిపోయింది. ఇల్లు తగలబడిపోయి పారిపోతున్న ముసలి సిక్కు జంట, హర్నామ్ సింగ్, బంతో, ఒక పల్లెలో తలుపు తడతారు. తీసింది ముస్లిం ఇల్లాలు రజ్జో. ఆ ఇంటి మగవాళ్లు లూటీకి వెళ్లారు. ఆమె ముందు ఒద్దంటుంది, వెంటనే లోపలికి రమ్మంటుంది. మగవాళ్లు మోసుకొచ్చిన ట్రంకుపెట్టె ఆ ముసలి జంటదే అని తేలుతుంది. హర్నామ్ సింగ్‌గా నవలా రచయిత భీష్మ్ సాహ్ని స్వయంగా వేశాడు, బంతోగా దీనా పాఠక్. రజ్జోగా వేసినది సురేఖా సిక్రీ. ఆ పాత్రకి జాతీయ అవార్డు వచ్చింది. నాకు రజ్జో ముఖం ఇరవై ఏళ్లు గుర్తుంది. ఆ ముఖమూ దాదీసా ముఖమూ ఒకటేనని మాత్రం గుర్తుపట్టలేకపోయాను. ఒకరు దయామయి అనీ, ఒకరు గయ్యాళి అనీ నా బుర్రలో రెండు అరలు. నటిని ఏ అరలోనూ పెట్టలేదు.

నిజానికి రజ్జో దయామయి కూడా కాదు. సురేఖ ఆమెని అలా వెయ్యలేదు. తలుపు దగ్గర రజ్జో ముఖంలో ఉన్నది విసుగు, భయం, లెక్క. వీళ్లని రానిస్తే నా మొగుడు ఏమంటాడు, కొడుకు ఏం చేస్తాడు? ఆ లెక్క అంతా వేసుకుని, లెక్కకి వ్యతిరేకంగా దారి ఇస్తుంది. దాదీసాలోనూ అదే లెక్క. కాకపోతే అక్కడ ఎప్పుడూ లెక్కే గెలుస్తుంది.

2002లో అపర్ణా సేన్ 'మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్' తీసింది. కొండదారిలో ఆగిపోయిన బస్సు, మతోన్మాదుల గుంపు. బస్సులో ఒక ముసలి ముస్లిం జంట. గుంపు వచ్చి భర్తని దింపి తీసుకుపోతుంటే ఆ ముసలావిడ ఊరుకోదు, లేచి వెంట పడుతుంది. ఆమెనీ లాక్కుపోతారు. ఆ భర్త భీష్మ్ సాహ్ని. ఆ భార్య సురేఖా సిక్రీ. పధ్నాలుగేళ్ల కిందట 'తమస్'లో సిక్కుగా వచ్చి తలుపు తట్టిన మనిషికి తలుపు తీసినామె, ఈసారి ఆయన పక్కన ముస్లింగా కూచుని తలుపు లేని బస్సులో చిక్కుకుంది. అపర్ణా సేన్ కావాలనే ఆ ఇద్దర్నీ తీసుకుందో, అలా కలిసొచ్చిందో, నాకైతే ఆ రెండు సన్నివేశాలూ ఒకే సినిమాలోవి. ఆ మరుసటేడు భీష్మ్ సాహ్ని చనిపోయాడు.

ఆమెకి రెండో జాతీయ అవార్డు తెచ్చినది శ్యామ్ బెనెగల్ 'మమ్మో' (1994). పాకిస్తాన్ నించి వచ్చిన మమ్మోని పోలీసులు బలవంతంగా రైలెక్కించి పంపేస్తారు. ఏళ్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చి, తాను చచ్చిపోయినట్టు కాగితం పుట్టించుకుని, ఇక్కడే ఉండిపోతుంది. ఆ పాత్రలో ఫరీదా జలాల్ మనల్ని నవ్విస్తుంది, ఏడిపిస్తుంది. ఆమె అక్క ఫయ్యాజీగా సురేఖ మాత్రం ఇంటి ఖర్చు చూసుకుంటుంది. నేను సరదాకి అనడం లేదు. ఆ సినిమాలో ఆమె చేసిన పని అదే. ఇరుకు ఇల్లు, తల్లీ తండ్రీ లేని మనవడు, మీద పడిన చెల్లెలు, చాలీచాలని డబ్బు. ఫయ్యాజీ ప్రేమ అంతా చిరాకుగానే బయటికొస్తుంది. మనలో ఎంతమంది అమ్మల ప్రేమ అలా బయటికి రాలేదు? నలభై తొమ్మిదేళ్లకి ఆమె వేసిన అమ్మమ్మ వేషమది.

ఏడేళ్ల తర్వాత, 2001లో, అదే ఖాలిద్ మహమ్మద్ తన కుటుంబ కథనే ఆధారం చేసుకుని రాసిన 'జుబేదా'. అందులో మళ్లీ అదే ఫయ్యాజీ, మళ్లీ సురేఖే. ఇప్పుడు మనకి వెనక కథ తెలుస్తుంది. నటి కావాలనుకున్న కూతుర్ని తండ్రి సినిమా సెట్‌నుంచి ఈడ్చుకొచ్చి పెళ్లి చేస్తాడు. ఆయన మాత్రం ఉంపుడుగత్తెతో వేరే కాపురం. తల్లి నోరెత్తదు. ఆ పెళ్లి చెడి, కూతురు ఒక రాజాని చేసుకుని వెళ్లిపోతూ పిల్లాణ్ణి తల్లి దగ్గర వదిలేస్తుంది. విమానం కూలి పోతుంది. మీడియా అంతా కరిష్మా కపూర్ గురించీ, రెహమాన్ పాటల గురించీ రాసింది. నేనూ అప్పట్లో జుబేదా స్వేచ్ఛాకాంక్ష గురించే రాశాను. ఇప్పుడు చూస్తే నాకు ఆ సినిమా మధ్యలో ఉన్నది ఫయ్యాజీ. కూతురి పెళ్లినాడు ఎత్తని నోరు జీవితాంతం ఆమెని ఎలా చేదుగా చేసిందో, మనవడు వచ్చి అమ్మ గురించి చెప్పమంటే ఎలా మొరాయిస్తుందో. ఒకే నటి ఒకే మనిషిని, ముందు ముసలితనాన్నీ తర్వాత ఆ ముసలితనం ఎలా వచ్చిందన్నదాన్నీ, ఏడేళ్ల తేడాలో వేరు వేరు సినిమాల్లో చూపించడం నాకు తెలిసి మన సినిమాలో మరొకటి లేదు. హీరోయిన్ల త్యాగాలు, తిరుగుబాట్లు సరే. తిరగబడని ఆడవాళ్ల సంగతి ఎవరు చెప్పాలి? వాళ్లే ఎక్కువమంది.

'నసీమ్', 'సర్దారీ బేగం', 'హరీ భరీ', 'సర్ఫరోష్' ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ చెప్పుకుంటూ పోను. కొన్నిట్లో ఆమెకి పని లేదు, కూచుంది, లేచింది.

మళ్లీ దాదీసా దగ్గరికి. కథలో కల్యాణీదేవి మారుతుంది. జగదీశ్ పట్నంలో చదువుకుంటూ ఇంకో అమ్మాయిని చేసుకున్నప్పుడు మనవణ్ణి కాదని ఆనంది పక్షాన నిలబడుతుంది. ఇంట్లో విధవరాలైన పిల్లకి ఒకప్పుడు కట్టుబాట్లు విధించిన మనిషి, ఆనందికి మళ్లీ పెళ్లి చేస్తుంది. రెండువేల పైచిలుకు ఎపిసోడ్లలో ఇది ఎలా జరిగిందయ్యా అంటే, ఆనంది మంచితనం వల్ల. ప్రతిరోజూ చివర్లో ఒక సూక్తి. మనసులు కరిగితే ఊళ్లు మారతాయని. అదే రాజస్థాన్‌లో 1992లో భటేరీ గ్రామంలో పసిపిల్ల పెళ్లి ఆపబోయిన భన్వరీదేవి మీద సామూహిక అత్యాచారం చేశారు. 1997లో మనకి వచ్చిన విశాఖ మార్గదర్శకాలు ఆ గాయంలోంచి పుట్టినవి. ఆ ఊరికీ జైత్‌సర్‌కీ మధ్య బస్సు నడవదు.

మా నాయనమ్మ మారలేదు. దాదీసా మారినప్పుడు నాకు కోపం వచ్చింది. అబద్ధమని అరిచాను. అమ్మ మాత్రం వారం రోజులు ఆ ఎపిసోడ్లు కదలకుండా చూసింది. "మారిందని కాదే, మారడం ఆవిడకి ఎంత కష్టంగా ఉందో చూడు" అంది. చూస్తే అవును. కోడలి ముందు తన తప్పు ఒప్పుకునే చోట సురేఖ తల వంచదు. మెడ బిగుసుకునే ఉంటుంది. మాట మాత్రం దిగుతుంది. అరవై ఏళ్ల అలవాటు ఎముకల్లో ఉండిపోయి నాలుక ఒక్కటే మారినట్టు. కథ అబద్ధమే. ఆ మెడ అబద్ధం కాదు.

2018లో ఆమెకి మెదడులో స్ట్రోక్ వచ్చింది. అదే సంవత్సరం 'బధాయి హో' విడుదలై ఆమెకి మూడో జాతీయ అవార్డు తెచ్చింది. 2019 డిసెంబర్ 23న ఢిల్లీలో ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతులమీదుగా తీసుకోవడానికి చక్రాల కుర్చీలో వచ్చింది. సభ అంతా లేచి నిలబడింది. లేచి నిలబడటం మనకి బాగా వచ్చు. అయిదారు నెలలు తిరక్కుండానే కరోనా వచ్చింది. 65 ఏళ్లు దాటినవాళ్లు షూటింగులకి రాకూడదని మహారాష్ట్రలో నియమం పెట్టారు. ఇంట్లో కూచుంటే మందుల ఖర్చు ఎలాగని ఆమె గట్టిగా అడిగింది. వెంటనే సాయం కోసం అర్థిస్తోందని వార్తలు రాశారు. నేను డబ్బు అడగలేదు, పని అడిగాను, గౌరవంగా సంపాదించుకుంటాను అని ఆమె మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. ముసలి ఆడమనిషి పని కావాలంటే మన చెవికి అది దానం కావాలన్నట్టే వినపడుతుంది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నియమం కొట్టేసింది. సెప్టెంబర్‌లో ఆమెకి రెండో స్ట్రోక్. అప్పటికే వచ్చేసిన 'ఘోస్ట్ స్టోరీస్'లో జోయా అఖ్తర్ భాగమే తెరమీద చివరిది. అందులో మంచం పట్టిన ముసలమ్మ.

2021 జులై 17 రాత్రి అమ్మకి 'బధాయి హో' పెట్టాను. అమ్మకి హిందీ అంతంతమాత్రం. పక్కన కూచుని నేను తెలుగులో చెప్తున్నాను. పెళ్లీడుకొచ్చిన కొడుకున్న నీనా గుప్తా గర్భవతి అవుతుంది. అత్తగారు దుర్గాదేవి మొదట ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. అక్కడ అమ్మ నవ్వింది. ఇన్నాళ్లకి ఆ మనిషి అసలు గొంతు వింటున్నానంది. బొంగురు గొంతు. బాగుందంది.

తర్వాత మీరట్‌లో పెళ్లి. చుట్టాలందరూ ఆ కోడల్ని మాటలతో పొడుస్తున్నారు. పెద్దకోడలు, సొంత కూతురు కూడా. అంతవరకూ మూల కూచున్న ముసలమ్మ లేస్తుంది. కోడల్ని వెనకేసుకొచ్చి, కూతుర్నీ పెద్దకోడల్నీ అందరి ముందూ నిలదీస్తుంది. నేను మంచాన పడితే నన్ను చూసింది ఇది, మీరు కాదు, సంస్కారం గురించి మీరా మాట్లాడేది అని. నేను తెలుగులో చెప్తూ మధ్యలో ఆగాను. అమ్మ నాకేసి చూడ్డం లేదు.

నాయనమ్మ ఆఖరి రెండేళ్లూ మంచంలోనే. ఎత్తి కూచోబెట్టింది, కడిగింది, తినిపించింది మా అమ్మే. తాళంచెవి అప్పుడు కూడా తలగడ కిందే.

సినిమా ముందుకి పోతోంది. అమ్మ రిమోట్ నా చేతిలో పెట్టి, "ఆ పెళ్లి సీను మళ్లీ వెయ్యి" అంది. వేశాను. ఈసారి తెలుగు చెప్పొద్దంది.